అయస్కాంతానికి అంటుకున్న గొలుసు

ఆదివారం మధ్యాహ్నం, సింగపూర్‌లోని యీషున్‌లో, నన్ను భోజనానికి పిలిచిన లక్ష్మి వాళ్ళ ఫ్లాట్‌లో కంచాలు పెట్టేశారు. పప్పు వడ్డిస్తుండగా తొమ్మిదేళ్ళ కీర్తన లోపలి గదిలోంచి పరిగెత్తుకొచ్చి చెయ్యి పైకెత్తింది. చేతిలో చిన్న అయస్కాంతం. దాని కింద వాళ్ళమ్మ బంగారు గొలుసు వేలాడుతోంది.

"అమ్మా, సీ! స్టిక్ అయింది లా. దిస్ వన్ నాట్ గోల్డ్!"

మాట చివర "లా" అనడం సింగపూర్ వాళ్ళ అలవాటు. అందరం నవ్వాం. నవ్వు ఆగాక లక్ష్మి భర్త ప్రసాద్ ఆ గొలుసును చేతిలోకి తీసుకుని, మళ్ళీ అయస్కాంతం దగ్గర పెట్టాడు. మళ్ళీ అంటుకుంది. కీర్తన బల్లమీద పరిచిన కాగితం చూపించింది. అది నేను సంపాదకత్వం చేసే సైన్స్ పేజీ, పిల్లల ఇంగ్లీషు వారపత్రికలోది. అందులో ఒక బాక్సు: మీ ఇంట్లో వస్తువుల్ని అయస్కాంతంతో పరీక్షించండి. చివరి వాక్యం: అంటుకుంటే అది బంగారం కాదు.

ప్రసాద్ తలెత్తి గుమ్మం పక్కన కూర్చున్న సింహాచలం వైపు చూశాడు.

సింహాచలం లక్ష్మి పుట్టింటి పక్క ఊరివాడు, విజయనగరం వైపు. సింగపూర్‌లో భవన నిర్మాణంలో పని. నెలకి రెండు ఆదివారాలు లక్ష్మి ఇంట్లో భోంచేసేవాడు. రెండు వారాల కిందట గొలుసు కొక్కెం విరిగితే, ఎలాగూ లిటిల్ ఇండియాకి వెళ్తున్నాను కదా అని తనే తీసుకెళ్ళి, కంసాలి చేత కొత్త కొక్కెం వేయించి తెచ్చి ఇచ్చాడు.

"సింహాచలం, ఏ షాపులో ఇచ్చావు? బిల్లుందా?" అన్నాడు ప్రసాద్.

"కొక్కేనికి బిల్లెవులిత్తారు బాబూ? ఎదురుగుండా కూకున్నాను, అయిపోనాక తెచ్చి అమ్మ సేతిలో ఎట్టినాను." ప్రసాద్ వైపు సూటిగా చూశాడు. "ఏటి, నాను మార్సేసినాననుకుంటన్నారా?"

ప్రసాద్ నా వైపు తిరిగాడు. "అక్కా, మీ పేపరే కదా. ఇది కరెక్టేనా?"

"బంగారం అయస్కాంతానికి అంటుకోదు. అది నిజమే," అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో నేను చెప్పిన వాటిల్లో తప్పులేని వాక్యాలు చాలా ఉన్నాయి. అంత చెడ్డ వాక్యం మాత్రం ఇంకొకటి లేదు. సింహాచలం లేచాడు, గేటు బయట బూట్లు వేసుకున్నాడు, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతని కంచంలో అన్నం అలాగే ఉంది.

ఆ పేజీ, ఆ రోజులు

విశాఖపట్నంలో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఎనిమిదేళ్ళు పని నేర్చుకుని, ఆ తర్వాత సింగపూర్‌లో బడిపిల్లల కోసం వచ్చే ఇంగ్లీషు వారపత్రికలో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే. పిల్లలకు సైన్స్ రాయాలనుకునే కుర్రకారు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు, ఆ ఉద్యోగం ఎలా ఉండేదని. సైన్స్ తెలిసిన టీచర్లు రాసి పంపేవారు, నేను కోసేదాన్ని. ఉద్యోగమంతా అదే. ఏది ఉంచాలో చెప్పడం తేలిక. ఏది తీసేస్తే మిగిలినది కూలిపోతుందో తెలియడానికే ఏళ్ళు పడుతుంది.

అవి కంప్యూటర్ల రోజులు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తప్పుతాయన్న వై2కే భయం నడుస్తోంది. మన ఊళ్ళ నుంచి వారానికో కొత్త ముఖం వచ్చి క్లెమెంటి ప్రాంతంలో గది అద్దెకు తీసుకునేది. హార్డ్ డిస్కులు తయారయ్యే ఫ్యాక్టరీలు ఇళ్ళకు కూతవేటు దూరంలో ఉండేవి. అమ్మో నాన్నో పనిచేసేది అయస్కాంతాలతోనే, పిల్లలకు మాత్రం అయస్కాంతమంటే ఫ్రిజ్ మీద అంటించే పిజ్జా షాపు బిళ్ళ. అందుకే వరసగా నాలుగు వారాలు అయస్కాంతాల మీద పాఠాలు వేద్దామనుకున్నాం. ఇనుము, నికెల్, కోబాల్ట్ అంటుకుంటాయి. రాగి, వెండి, బంగారం, అల్యూమినియం అంటుకోవు. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి, విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి. అయస్కాంతాన్ని రెండు ముక్కలు చేస్తే ఒక ముక్కకు ఉత్తరం, ఒక ముక్కకు దక్షిణం రావు. రెండు ముక్కలకూ రెండేసి ధ్రువాలుంటాయి. మనమందరం ఆరో తరగతిలో చదివిందే.

రాసింది క్లెమెంటిలో ఉండే ఒక ఫిజిక్స్ టీచరమ్మ. సింగపూర్‌లో పుట్టిన తెలుగావిడ, తాతల కాలంలో కాకినాడ రేవు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, నడుమ నడుమ తమిళం, కోపం వస్తే మలయ్. ఆవిడ రాసిన ప్రతి వాక్యానికీ ఒక కారణం ఉండేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

మొదటి వారం పేజీ వచ్చాక ఒక పిల్లాడు ఉత్తరం రాశాడు. విజాతి ధ్రువాలే ఆకర్షించుకుంటే, దిక్సూచి ముల్లు ఉత్తర ధ్రువం భూమి ఉత్తరం వైపు ఎందుకు తిరుగుతుంది? నాకు జవాబు తెలియదు. వచ్చేవారం చూద్దాం అనుకుని ఉత్తరాన్ని సొరుగులో పెట్టాను. మూడు వారాలు పెట్టాను. చివరికి టీచరమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ నవ్వింది. "అయ్యో, పిల్లాడే కరెక్టు లా. భూమి లోపల అయస్కాంతం ఉందనుకుంటే, పైన ఉత్తరాన ఉన్నది దాని దక్షిణ ధ్రువం. మనం పేరు పెట్టిన తీరు అలా ఉంది, అంతే." ఆ జవాబును అతని పేరుతో సహా వేశాం. పిల్లల ప్రశ్నల్లో తెలివితక్కువ ప్రశ్నలు ఉంటాయి, అబద్ధమాడను. కానీ మీరు సొరుగులో దాచిన ప్రశ్న మాత్రం తెలివితక్కువది కాదు. అలాంటిదైతే అప్పుడే జవాబు రాసేసి ఉండేవారు.

కోసేసిన మూడు వరుసలు

సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళగానే టీచరమ్మ పంపిన అసలు ప్రతి తీశాను. బాక్సు చివర నాలుగు వరుసలు ఉన్నాయి. బంగారం అయస్కాంతానికి అంటుకోదు అన్నది మొదటి వరుస. ఆ తర్వాత మూడు వరుసలు: కానీ ఒక వస్తువులో చాలా పదార్థాలు ఉంటాయి. స్ప్రింగు, మర, సూది ఎక్కడైనా దాగి ఉండొచ్చు. అయస్కాంతాన్ని వస్తువు పొడవునా మెల్లగా జరిపి, ఎక్కడ అంటుకుందో రాసుకోండి.

ఈ మూడూ నేనే కోశాను. ఎందుకు కోశానో కూడా గుర్తుంది. పేజీ సిద్ధమయ్యాక ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ ప్రకటన వచ్చింది. ఆ రోజుల్లో అలాంటి ప్రకటనలు గురువారం మధ్యాహ్నం ఊడిపడేవి, వాటికి చోటు ఇచ్చి తీరాలి. నేను మొదటి వరుసను తిప్పి, అంటుకుంటే అది బంగారం కాదు అని రాసి, మిగతావి తీసేశాను. పొట్టిగా ఉంది, పిల్లలకు చేతికి పని చెబుతుంది, శీర్షికలా మోగుతుంది. ప్రూఫు చూసి నాకు నేనే భుజం తట్టుకున్నాను.

విశాఖలో నాకు పని నేర్పిన డెస్కు ఇన్‌ఛార్జి సుబ్బారాయుడు గారు ఎర్ర పెన్సిలు చెవిలో పెట్టుకుని అనేవారు: "అమ్మాయ్, కత్తెర ఎవరైనా ఆడిస్తారు. కోసిన ముక్క ఒకసారి చదివి చెత్తబుట్టలో వెయ్యి." ఉన్నదాన్ని చదవమనడం అందరూ చెప్పేదే, పారేసేదాన్ని చదవమన్నది ఆయనొక్కరే. పన్నెండేళ్ళు ఆ మాట పాటించాను. ఒక్క గురువారం పాటించలేదు.

బంగారం అంటుకోదన్న మాట పదార్థం గురించి. గొలుసు వస్తువు. నేను ఒకదాని గురించిన నిజాన్ని రెండోదానికి తగిలించాను. చిన్నపిల్లల సైన్స్‌లో జరిగే తప్పుల్లో సగం ఇలాంటివే, నా లెక్కలో. వాక్యంలో తప్పుండదు. అది తగలకూడని చోట తగులుతుంది.

పిన్నీసు

మంగళవారం సాయంత్రం ఆ కాగితం పట్టుకుని లక్ష్మి ఇంటికి వెళ్ళాను. గొలుసు బల్లమీదే ఉంది, దేవుడి గదిలో పెట్టడానికి మనసొప్పలేదట. లక్ష్మి కళ్ళు వాచి ఉన్నాయి.

"అక్కా, అమ్మమ్మ గొలుసు అది. నేను అతన్ని ఏం అనలేదు. కానీ ఆదివారం సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను. అప్పుడు ఏడుపొచ్చింది, ఆగలేకపోయాను."

"అమ్మ ఎవరికైనా చెప్పిందా?"

"మా అమ్మ సంగతి తెలుసు కదా. సోమవారం పొద్దున పాలవాడు రాకముందే రెండూళ్ళకీ తెలిసిపోయి ఉంటుంది."

అప్పుడు నేను కీర్తనను పిలిచి, ఇంకో పరీక్ష చేద్దాం, ఈసారి మెల్లగా, అన్నాను. ఆ పిల్ల చేతిలో ఉన్నది ఫ్రిజ్ బిళ్ళ కాదు. ప్రసాద్ పాడైన హార్డ్ డిస్కు విప్పి తీసిచ్చిన అయస్కాంతం. వేలి గోరంత ఉంటుంది, పట్టు మాత్రం పీతలా ఉంటుంది. దాన్ని పట్టుకుని గొలుసు దగ్గరికి వస్తూ వస్తూ వాళ్ళమ్మ చేతి పక్కగా వెళ్ళింది. టక్కున చప్పుడైంది. అయస్కాంతం లక్ష్మి బంగారు గాజుకు అతుక్కుంది.

"అమ్మా! గాజు కూడా నాట్ గోల్డ్ ఆ?"

లక్ష్మి ముఖం పాలిపోయింది. తర్వాత చెయ్యి తిప్పి చూసుకుంది. గాజుకు మూడు పిన్నీసులు తగిలించి ఉన్నాయి. మన ఆడవాళ్ళలో ఎంతమందికి ఈ అలవాటు లేదు? చీర కుచ్చిళ్ళకి ఒకటి, పైటకి ఒకటి, అవసరానికి ఇంకొకటి, అన్నీ గాజుకో మంగళసూత్రానికో వేలాడుతుంటాయి. అయస్కాంతం ఆ పిన్నీసుల్ని పట్టుకుంది.

"గాజు కాదే, పిన్నీసు," అంది లక్ష్మి. బల్లమీది గొలుసు వైపు చూసింది. నేను ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది.

పిన్నీసులు తీసేసి గాజును పరీక్షిస్తే అంటుకోలేదు. గొలుసును బల్లమీద చాపి కీర్తన అయస్కాంతాన్ని ఒక కొస నుంచి జరపడం మొదలెట్టింది. సగం దాకా ఏమీ లేదు. ముప్పాతిక దాకా ఏమీ లేదు. కొక్కెం దగ్గరికి రాగానే గొలుసు చివర లేచి అయస్కాంతాన్ని పట్టుకుంది. ఆదివారం నాడు గాల్లో వేలాడిన గొలుసంతా ఆ ఒక్క చోట నుంచే వేలాడింది. ఎక్కడ అంటుకుందని మాలో ఒక్కరూ అడగలేదు.

"ఓన్లీ ది హుక్," అంది కీర్తన. నోట్‌బుక్ తెచ్చి రాసుకుంది.

మర్నాడు నేనూ లక్ష్మీ లిటిల్ ఇండియాలో షాపు షాపూ అడుగుతూ, సెరంగూన్ రోడ్డులో ఆ కంసాలిని పట్టుకున్నాం. తమిళుడు, కళ్ళద్దాలు ముక్కు కొసన పెట్టుకుని తలెత్తకుండా విన్నాడు. కొక్కెం నొక్కి, తెరిచి, వదిలి చూపించాడు. "లోపల ఉక్కు స్ప్రింగు ఉందమ్మా. అది లేకుండా కొక్కెం ఎలా మూసుకుంటుంది? బంగారంతో స్ప్రింగు చేస్తే రెండు రోజుల్లో సాగిపోతుంది." ఆ తర్వాత తలెత్తి, "ఆ అబ్బాయి నా పని అయ్యేదాకా ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. గొలుసు మీదనుంచి కన్ను తియ్యలేదు. టీ ఇస్తే కూడా తాగలేదు," అన్నాడు.

మిస్టర్ ఓంగ్

మా ఎడిటర్ మిస్టర్ ఓంగ్‌కు రెండు అలవాట్లు. ఎవరేం చెప్పినా మొదట కాదంటాడు. కాదన్న తర్వాత వింటాడు.

సవరణ వెయ్యాలి అన్నాను.

"ఫర్ వాట్? గోల్డ్ నాట్ మాగ్నెటిక్, కరెక్ట్ లా. తప్పెక్కడుంది?"

జరిగింది చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి వాల్చాడు.

"ఎవరు కోశారు?"

"నేనే."

"యాడ్ వచ్చిందనా?"

"అవును."

"అయితే సారీ అని రెండు లైన్లు వేసి చేతులు కడుక్కోకు. ఎక్స్‌పెరిమెంట్ మొత్తం మళ్ళీ వెయ్యి, ఆ మూడు లైన్లతో. ఈ గురువారం ఏ యాడ్ వచ్చినా నాతో మాట్లాడమను."

పిల్లలకు అయస్కాంతాల్లో నేర్పే ఒక మాట ఉంది. ఇనుప మేకు కూడా అయస్కాంతాన్ని ఆకర్షిస్తుంది కాబట్టి ఆకర్షణ చూసి ఒక ముక్క అయస్కాంతమో కాదో చెప్పలేం; వికర్షిస్తేనే అది అయస్కాంతమని ఖాయం. మంచి బాసును గుర్తుపట్టడానికి కూడా నేను ఇదే వాడాను. ప్రతిదానికీ దగ్గరికొచ్చి తల ఊపినవాళ్ళు ముగ్గురు ఉండేవారు. వాళ్ళ దగ్గర నేను ఏమీ నేర్చుకోలేదు. ఓంగ్ నెట్టేవాడు. నెట్టినప్పుడల్లా నా వాక్యం ఎక్కడ బలహీనంగా ఉందో నాకు తెలిసేది.

ఆ వారం పేజీలో కొత్త బాక్సు వచ్చింది. శీర్షిక: ఎక్కడ అంటుకుంది? గాజు, పిన్నీసు, గొలుసు, కొక్కెం బొమ్మలతో. అయస్కాంతాల మీద మేం వేసిన వాటిల్లో అదే అన్నిటికంటే మంచి పాఠం. టీచరమ్మ ఫోన్ చేసి, "ఇప్పుడు నా పేరు వేసుకోవచ్చు," అని మాత్రం అంది.

తెలుగులో ఒక సవరణ

అచ్చయిన పేజీ పట్టుకుని నేనూ లక్ష్మీ ఆంగ్ మో కియోలో సింహాచలం పనిచేస్తున్న చోటికి వెళ్ళాం. మధ్యాహ్నం భోజనాల వేళ. హెల్మెట్ పక్కన పెట్టి, అట్ట పరుచుకుని తింటున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"సింహాచలం, తప్పు మాదే. కొక్కెంలో స్ప్రింగుకి అంటుకుంది. గొలుసు బంగారమే," అంది లక్ష్మి.

"పర్నేదమ్మా."

"ఆదివారం భోజనానికి రా."

అతను చెయ్యి కడుక్కున్నాడు. నేను పేజీ చేతికిచ్చి, అందులో ఏముందో చెప్పాను. బొమ్మలు చూశాడు. పిన్నీసు బొమ్మ దగ్గర చిన్నగా నవ్వాడు కూడా. ఆ తర్వాత పేజీ మడిచి నాకే ఇచ్చేశాడు.

"మా ఊల్లో ఇంగ్లీసు పేపరెవులు సదువుతారమ్మా? నాను దొంగనని మాయమ్మకి తెలుగులోనే సెప్పినారు. కాదని కూడా తెలుగులోనే రాసియ్యండి. ఆపీసు ముద్ర ఉండాల. మాయమ్మ మేష్టారి సేత నలుగురి ముందూ సదివిత్తాది."

"నేను అమ్మకి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను, సింహాచలం," అంది లక్ష్మి.

"ఏటన్నారు?"

లక్ష్మి తల దించుకుంది. వాళ్ళమ్మ సరేలే అందట, తర్వాత పిల్ల చదువు గురించి అడిగిందట. మొదటి ఫోన్, కార్డులో డబ్బు అయిపోయేదాకా నడిచింది. రెండోది రెండు నిమిషాలు.

ఆఫీసుకు వెళ్ళి లెటర్‌హెడ్ మీద తెలుగులో రాశాను. ఆ సంస్థలో నేను రాసిన ఒకే ఒక్క తెలుగు కాగితం అది. మా పత్రికలో జరిగిన పొరపాటు వల్ల సింహాచలం మీద నింద పడిందనీ, గొలుసు అసలైన బంగారమేననీ, అయస్కాంతానికి అంటుకున్నది కొక్కెంలోని ఉక్కు స్ప్రింగు మాత్రమేననీ, ఆ సంగతి పరీక్ష చేసి చూశామనీ రాసి ఓంగ్ సంతకానికి తీసుకెళ్ళాను.

"చదవని దాని మీద సంతకం పెట్టను. ఏం రాశావో చెప్పు."

వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. మొదటి వాక్యం దగ్గరే ఆపాడు.

"పత్రికలో జరిగిన పొరపాటా? పత్రికకి చేతులున్నాయా? హూ కట్?"

ఇంకో కాగితం తీసుకుని మళ్ళీ రాశాను. నేను మూడు వరుసలు తీసేయడం వల్ల, ఆ రోజు అడిగినప్పుడు నేను సగం నిజం చెప్పడం వల్ల అని రాశాను. రెండో మాట ఆయన అడగలేదు. నా సంతకం, కింద ఆయన సంతకం, పక్కన ముద్ర. పనిచోటికి పట్టుకెళ్ళి ఇస్తే సింహాచలం దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, ముద్ర మీద వేలు పెట్టి ఆరిందో లేదో చూసి, ఊరికి పంపే కవరులో పెట్టుకున్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు ఇంతకుమించి చెప్పేది లేదు. తప్పు వెళ్ళిన దారి వెతకండి, సవరణను ఆ దారినే, ఆ భాషలోనే పంపండి. నా తర్వాతి ఏళ్ళన్నీ అలాగే పని చేశాను. మంచి పనే చేశానని నమ్ముతున్నాను.

ఆ ఆదివారం లక్ష్మి అతనికి కంచం పెట్టింది. సింహాచలం రాలేదు. కొన్ని నెలల తర్వాత అక్కడి పని ముగిసి వేరే కంపెనీకి మారాడని, ఆ తర్వాత పని పర్మిట్ గడువు అయిపోయి సింగపూర్ వదిలి వెళ్ళిపోయాడని తెలిసింది. లక్ష్మి వాళ్ళమ్మను ఎన్నిసార్లు అడిగినా, ఉత్తరం వచ్చిందని గాని రాలేదని గాని ఆవిడ చెప్పలేకపోయింది. అది ఆ ఊరు చేరిందో లేదో, మేష్టారు నలుగురి ముందు చదివారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.